1200 × 700 బల్ల మీద ఎన్ స్కేల్: రెండు లూపులు, వంతెన, రెండు స్టేషన్లు పడతాయా?

కొత్తచక్రం:

ఎన్ స్కేల్‌లో (1:160, పట్టాల మధ్య 9 మి.మీ.) మొదటి మోడల్ రైలు లేఅవుట్ కట్టబోతున్నాను. బల్లకు దొరికిన చోటు 1200 మి.మీ. పొడవు, 700 మి.మీ. వెడల్పు. ఒక పొడుగు వైపు గోడ ఉంది కాబట్టి పనంతా ముందు నుంచే చెయ్యాలి. ట్రాక్ కాటో యూనిట్రాక్ (కింద గట్టుతో సహా అచ్చుపోసి ముక్కలుగా వచ్చే ట్రాక్) అనుకుంటున్నాను. ఫ్లెక్స్ ట్రాక్ వంచి కోసేంత ధైర్యం ఇప్పుడే లేదు.

కాగితం మీద గీసుకున్నది ఇది: బయటి లూప్ 282 మి.మీ. రేడియస్, లోపలి లూప్ 249. ఒకదాని మీదుగా ఇంకొకటి వెళ్లేలా ఒక వంతెన. రెండు స్టేషన్లు. 5 పెట్టెల ప్యాసింజర్ ఒకటి, గూడ్సు ఒకటి.

ఇదంతా పడుతుందా? కింద ఉత్త ప్లైవుడ్ చాలా, పైన ఫోమ్ కూడా వెయ్యాలా? లూపుకు ఎన్ని చోట్ల కరెంటు ఇవ్వాలి? మొదటి నుంచే డీసీసీకి (పట్టాల్లోంచే డిజిటల్ సంకేతాలు పంపి ఒక్కో ఇంజన్‌ను విడిగా నడిపే పద్ధతి) వెళ్లడం మంచిదా, మామూలు 12 వోల్టుల డీసీ చాలా? మొహమాటం లేకుండా చెప్పండి. ఇంకా ఏమీ కొనలేదు, చెక్క కూడా కొయ్యలేదు.

తొమ్మిదిమిల్లీ:

కొనకముందే అడిగారు, అది మంచి పని. లూపులు రెండూ పడతాయి. వంతెన పడదు. 5 పెట్టెలు పడతాయి గానీ చూడ్డానికి బాగుండవు.

ముందు లూపుల సంగతి. 282 రేడియస్‌కు పూర్తి వలయం అంటే 45 డిగ్రీల ముక్కలు 8. అడ్డంగా 564 మి.మీ., దానికి ట్రాక్ కింద ఉండే గట్టు వెడల్పు 25 కలిపితే 589. 700లోంచి తీస్తే రెండు వైపులా తలా 55 మి.మీ. మిగులుతుంది. పొడుగు వైపు 248 మి.మీ. నేరు ముక్కలు రెండేసి వేస్తే 496 + 589 = 1085. అక్కడా తలా 57 మిగులుతుంది. లోపలి లూపుకు 249 రేడియస్‌వి 8 ముక్కలు, నేరువి మళ్లీ 4. రెండు లైన్ల మధ్య అంతటా 33 మి.మీ. ఉంటుంది.

ఆ 33 దగ్గరే ఒక మెలిక ఉంది. అసలు రైల్లో 23.5 మీటర్ల పెట్టె మన స్కేల్‌లో 147 మి.మీ. బోగీల మధ్య దూరం 100 అనుకుందాం (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, పెట్టె కింద ఉండే చక్రాల బండి). వంపులో బయటి లైన్ పెట్టె నడుము 4.4 మి.మీ. లోపలికి వస్తుంది, లోపలి లైన్ పెట్టె కొసలు 5.8 మి.మీ. బయటికి పొడుచుకొస్తాయి. పెట్టె వెడల్పు 20 కూడా కలిపితే 30 దాటింది. అంటే రెండు రైళ్లు వంపులో ఎదురైనప్పుడు మధ్యలో 3 మి.మీ. కూడా ఉండదు. తగలదు గానీ ఒక ముక్క జాయింట్ దగ్గర కాస్త కోణం తిరిగిందంటే తగులుతుంది. అందుకే ఏదీ అతికించక ముందు మీ దగ్గరున్న అతి పొడుగు పెట్టెలు రెండు తీసుకుని, వంపు మొత్తం పక్కపక్కన చేత్తో తోసి చూడండి.

ఇక వంతెన. కింది పట్టా పైనుంచి వంతెన అడుగుకు 50 మి.మీ. ఉండాలి, వంతెన మందం కలిపితే మొత్తం 55 ఎక్కాలి. 2 శాతం వాలు అంటే మీటరుకు 2 సెం.మీ.; 55 మి.మీ. ఎక్కడానికే 2.75 మీటర్లు కావాలి. మీ బయటి లూప్ చుట్టు మొత్తం 1772 + 992 = 2764 మి.మీ. ఎక్కేసరికే లూప్ అయిపోయింది, దిగేదెక్కడ? 4 శాతం పెడితే 1.38 మీటర్లలో ఎక్కుతుంది, అంతే దూరంలో దిగాలి, అంటే చదునుగా ఉండే చోటు ఒక్క జానెడు కూడా మిగలదు. స్టేషన్ వాలు మీద పెట్టాల్సొస్తుంది. పైగా 282 వంపులో వాలు ఉంటే చక్రం రాపిడి కూడా తోడై చిన్న ఇంజన్ ఉన్నచోటే చక్రాలు తిప్పుతుంది.

ఎత్తుపల్లాలు కావాలంటే దారి ఇంకొకటి ఉంది. ట్రాక్‌ను పైకెత్తకండి, నేలను కిందికి దించండి. ట్రాక్ అంతా సమతలం మీదే ఉంటుంది, ఒకచోట కింద ఫోమ్‌ను 30 మి.మీ. తొలిచి వాగు చేస్తే దాని మీద గిర్డర్ వంతెన పెట్టొచ్చు. వాలు సున్నా, వంతెన అందం మాత్రం పూర్తిగా వస్తుంది.

రైలు పొడవు: పెట్టె కప్లింగ్‌తో కలిపి 150, ఇంజన్ 120. ఐదు పెట్టెలంటే 870 మి.మీ. నేరు భాగం 496 మాత్రమే కాబట్టి రైలు ఎప్పుడూ రెండు మూలలు తిరుగుతూనే కనిపిస్తుంది, తన తోకను తానే తరుముతున్నట్టు ఉంటుంది. 3 పెట్టెలు పెట్టండి. లోపలి లూప్‌కు గోడ వైపు నేరు భాగంలో 450 మి.మీ. ప్లాట్‌ఫారం వేస్తే ఆ మూడూ ఆగుతాయి. రెండో స్టేషన్ మానెయ్యండి, దాని బదులు సైడింగులు (పెట్టెలు నిలబెట్టుకునే పక్క లైన్లు) పెట్టుకుంటే గూడ్సుకు చేతినిండా పని.

పాయింట్లన్నీ (ట్రాక్ రెండుగా చీలే ముక్కలు) ముందు వైపే ఉండాలి, గోడ వైపు ఒక్కటి కూడా వద్దు. 700 దాకా చెయ్యి అందుతుంది, కానీ అందుకునేటప్పుడు మోచేయి కింద సగం ఊరు కూలిపోతుంది. 4 నంబరు పాయింట్ 126 మి.మీ. పొడవు, దానికి 60, 62 ముక్కలు కలిపితే సరిగ్గా 248. ఆ చిన్న ముక్కలు పాయింటుతో పాటే తెచ్చుకోండి, లేకపోతే లూప్ ముడి పడదు. రెండు 4 నంబరు పాయింట్లు ఎదురెదురు కలిపితే 33 మి.మీ. పక్కకు జరుగుతుంది, అదే మీ రెండు లూపుల మధ్య క్రాసోవర్. 6 నంబరు పాయింట్ (186 మి.మీ.) మీద రైలు నడక ఇంకా సాఫీగా ఉంటుంది గానీ ఈ బల్ల మీద దానికి చోటు లేదు.

సైడింగ్ ఎటు తియ్యాలన్నది చాలామంది పొరపాటు పడే చోటు. లోపలి వైపుకు సమాంతరంగా తీస్తే, నేరు భాగం అయిపోగానే మెయిన్ లైన్ వంపు తిరిగి సైడింగ్ మీదికే వచ్చేస్తుంది, 250 మి.మీ. కంటే దొరకదు. బయటి లూప్ నుంచి బల్ల అంచు వైపుకు తియ్యండి. పాయింటుకు, దాన్ని మళ్లీ సమాంతరం చేసే 481 రేడియస్ 15 డిగ్రీల ముక్కకు కలిపి 249 మి.మీ. పోతుంది. ఆ తర్వాత మెయిన్ లైన్ దూరంగా వంగిపోతుంది కాబట్టి సైడింగ్ బల్ల చివరిదాకా, సుమారు 550 మి.మీ., నేరుగా వెళ్తుంది. అంచుకు 35 మి.మీ. దూరంలో ఉంటుంది కాబట్టి ముందు వైపు 40 మి.మీ. ఎత్తు అక్రిలిక్ పట్టీ బిగించండి. లోపలి లూపుకు కూడా ఒకటి కావాలంటే సమాంతరం చేయకుండా 15 డిగ్రీల కోణంలో నడిమికి వదిలెయ్యండి, 450 మి.మీ. ఏ అడ్డూ లేకుండా వస్తుంది.

గడ్డీగాదం:

బల్ల గురించి నేను చెప్తాను.

చట్రానికి 18 × 45 మి.మీ. చెక్క, నిలువు అంచు మీద నిలబెట్టి. అడ్డకర్రలు 300 మి.మీ.కు ఒకటి, అంటే మధ్యలో మూడు. పైన 6 మి.మీ. ప్లైవుడ్ చాలు, అడ్డకర్రలు తగ్గించాలనుకుంటే 9 మి.మీ. వెయ్యండి. బిగించక ముందే ప్లైకి రెండు వైపులా, కోసిన అంచులకు కూడా పెయింటో వార్నిషో కొట్టాలి. ఒక్క పైవైపే కొడితే కింది వైపు తేమ పీల్చుకుని బల్ల పళ్లెంలా వంగుతుంది. ట్రాక్ కదలడానికి ఎండకంటే తేమే ఎక్కువ కారణం: పట్టా లోహం మీటరుకు 20 డిగ్రీల తేడాకు మూడో వంతు మిల్లీమీటరు సాగుతుందంతే, చెక్క మాత్రం ఉబ్బితే కంటికి కనిపించేంత జరుగుతుంది.

దాని మీద 30 లేదా 50 మి.మీ. ఎక్స్‌ట్రూడెడ్ ఫోమ్. గులాబీ, నీలం రంగుల్లో గట్టిగా వచ్చేది. మామూలు తెల్ల థర్మోకోల్ వాడకండి. కోసిన ప్రతిసారీ పూసలు రాలతాయి, స్థిర విద్యుత్తుతో దేనికి పడితే దానికి అంటుకుంటాయి, చివరికి ఇంజన్ గేర్లలో తేలతాయి. వాగు తొలవాలంటే 50 మందం తీసుకోండి, 30 తొలిచినా కింద 20 ఉంటుంది.

ఫోమ్‌ను ప్లైకి అతికించడానికి తెల్ల జిగురో, నీటితో చేసిన అక్రిలిక్ సీలెంటో. ఘాటు వాసన కొట్టే సాల్వెంట్ జిగుర్లు ఫోమ్‌ను కరిగించి గుంతలు పెడతాయి. స్ప్రే పెయింటు కూడా అంతే. తెల్ల జిగురైతే గాలి ఆడక నడిమిలో ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, పైన పుస్తకాలు పేర్చి వదిలెయ్యండి. తర్వాత రసమట్టం నాలుగు దిక్కులా పెట్టి చూడండి.

ఉత్త ప్లై మీద ట్రాక్ వేస్తే డప్పు కొట్టినట్టు మోగుతుంది. ఫోమ్ ఆ చప్పుడు తగ్గిస్తుంది.

ఇంకో చిన్న మాట. ఒకే 9 మి.మీ. పట్టా మీద నడిచేవన్నీ ఒకే స్కేల్ కాదు. బ్రిటన్ మోడళ్లు 1:148, జపాన్‌వి ఎక్కువగా 1:150. రైళ్లకు పట్టింపు లేకపోయినా ఇళ్లు, మనుషులు కలిసినప్పుడు తేడా తెలుస్తుంది. పెద్దవి ముందు, 1:160వి వెనక గోడ వైపు పెడితే తేడా కాస్తా దూరం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. 1.7 మీటర్ల మనిషి 1:160లో 10.6 మి.మీ., 10 మీటర్ల చెట్టు 62 మి.మీ. చెట్లు కొనేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి, ఎన్ స్కేల్ అని అట్ట మీద రాసి బొన్సాయ్‌లు అమ్ముతారు.

సోల్డర్‌పొగ:

కరెంటు భాగం.

డీసీయే చాలు. లూపుకు ఒక రైలు, ఒక్కో లూపుకు ఒక కంట్రోలర్, అంతే. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను విడివిడిగా నడపాలన్నప్పుడో, శబ్దం కావాలన్నప్పుడో డీసీసీ. ఎన్ ఇంజన్ లోపల చోటు తక్కువ. డీకోడర్ (డీసీసీ సంకేతాలు అందుకునే చిన్న బోర్డు) కోసం సాకెట్ ఉన్నది కాకపోతే చాసిస్ చెక్కాల్సొస్తుంది, అది మొదటి లేఅవుట్ పని కాదు. వైరింగ్ సరిగ్గా చేస్తే రేపు డీసీసీకి మారడం అంటే కంట్రోలర్ పెట్టె మార్చి, ఇంజన్లలో డీకోడర్లు పెట్టడమే.

ఎన్ ఇంజన్ ఒకటి 0.1 నుంచి 0.3 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ లూపుకు ఒకటి ధారాళం. రెండు లూపులకూ ఒకే 5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టి ఆదా చేద్దామనుకోకండి. పట్టా మీద స్క్రూడ్రైవర్ పడిందంటే ఆ 5 ఆంపియర్లూ పాయింట్ లోపలి సన్నటి రేకులోంచి పోతాయి, రేకు వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఎంత చిన్న సప్లై అయినా వరుసలో 1 ఆంపియర్ రీసెటబుల్ ఫ్యూజ్ పెట్టండి.

పీడబ్ల్యూఎం బోర్డుతో (కరెంటును చకచకా ఇస్తూ ఆపుతూ వేగం మార్చేది) సొంతంగా కంట్రోలర్ చేసుకునేవాళ్లకు: 100 హెర్ట్జ్ ప్రాంతంలో నడిచేది నెమ్మది నడకకు బాగుంటుంది గానీ మోటార్ బుర్రుమంటుంది, కోర్‌లెస్ మోటార్ ఉన్న ఇంజన్ వేడెక్కి పాడవుతుంది. 20 కిలోహెర్ట్జ్ దాకా పెంచితే చప్పుడు పోతుంది, నెమ్మది నడక కొంచెం దెబ్బతింటుంది. ఇంజన్‌లో ఏ మోటారుందో తెలియకపోతే రెండోదే తీసుకోండి.

ఫీడర్లు (పట్టాకు కరెంటు తెచ్చే వైర్లు): 2.76 మీటర్ల లూపుకు ఎదురెదురుగా రెండు చోట్ల ఇస్తే నడుస్తుంది. మూడు ఇవ్వండి. పట్టా తన పొడవునా కరెంటు బాగానే మోస్తుంది, పోగొట్టేది జాయింట్లు. మీ లూప్‌లో ముక్కల మధ్య జాయింట్లు 12; పాయింట్లు, సర్దుబాటు ముక్కలు చేరాక 16 దాటతాయి. కొత్తలో అన్నీ బాగుంటాయి, ఆర్నెల్లకు ఒకటి రెండు వదులవుతాయి. ఫీడర్ ఎక్కువుంటే ఆ వదులు బయటపడదు.

బల్ల కింద మెయిన్ వైరు 1 చదరపు మి.మీ., దాన్నుంచి పట్టాకు వెళ్లే ఫీడర్ 0.5, పొడవు 300 మి.మీ. లోపే. రంగు నియమం ఒక్కటి: లూప్‌లో బయటి పట్టా ఎరుపు, లోపలి పట్టా నలుపు. కుడి, ఎడమ అని ఎప్పుడూ అనుకోకండి. బల్లకు ఆ పక్కకు వెళ్లేసరికి కుడి ఎడమ అవుతుంది, షార్ట్ అక్కడే పుడుతుంది. ప్రతి ఫీడర్ కలపగానే పట్టాల మీద ఇంజన్ తీసేసి, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి రెండు పట్టాల మధ్య చూడండి. అన్నీ కలిపాక చూస్తే ఏది తప్పో తెలీదు. ఇంజన్ ఉంటే మోటార్ వైండింగ్ వల్ల కూడా బీప్ రావచ్చు, అందుకే తియ్యమన్నది.

క్రాసోవర్ మధ్యలో రెండు పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు (జాయినర్ అంటే రెండు ముక్కల పట్టాలను కలిపేది; ఈ రకం కరెంటును దాటనివ్వదు) తప్పనిసరి. ఒక్క పట్టాకే పెడితే రెండో పట్టా ద్వారా రెండు కంట్రోలర్లు ఒకదానికొకటి కలిసే ఉంటాయి. రైలు ఒక లూప్ నుంచి ఇంకో దానికి దాటేటప్పుడు రెండు కంట్రోలర్లూ ఒకే దిశలో, ఇంచుమించు ఒకే వేగంలో ఉండాలి. ఎదురు దిశలో ఉంటే చక్రాలు ఆ సందును దాటిన క్షణంలో షార్ట్.

జాయింట్లు ఎలా ఉన్నాయో ఇలా చూడొచ్చు. 47 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకోండి. కంట్రోలర్ పూర్తిగా తిప్పి 12 వోల్టుల దగ్గర పెట్టి, ఫీడర్‌కు దూరంగా ఉన్న ముక్క మీద రెండు పట్టాలకూ ఆ రెసిస్టర్ తగిలించండి. 0.25 ఆంపియర్లు పారతాయి, ఒక ఇంజన్ భారం లాంటిదే. ఇప్పుడు ఫీడర్ దగ్గర వోల్టేజీ, రెసిస్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. తేడా 0.1 లోపుంటే బంగారం. అర వోల్టు దాటిందా, ముక్క ముక్కకూ వెనక్కి కొలుచుకుంటూ రండి, ఒక జాయింట్ దగ్గర ఒక్కసారిగా దూకుతుంది. అదే దొంగ. రెసిస్టర్ 3 వాట్లు తింటుంది కాబట్టి వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోకుండా క్లిప్పులతో పెట్టండి.

కొత్తచక్రం:

చాలా థ్యాంక్స్ అండి. మీరు చెప్పిన ప్లానే వేశాను: రెండు లూపులు, క్రాసోవర్, అంచు వైపు ఒక సైడింగ్, లోపల 15 డిగ్రీలది ఒకటి. ట్రాక్ ఇంకా అతికించలేదు, ఫోమ్ మీద పిన్నులతో ఆపాను. మూడు తేడాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజన్ సైడింగ్ పాయింట్ మీద నెమ్మదిగా వెళ్తే ఆగిపోతుంది, వేలితో తోస్తే కదులుతుంది. పెద్ద ఇంజన్ ఆగదు. రెండు, బయటి లూప్‌లో ఎడమ వైపు వంపు మొదట్లో పెట్టె పట్టా తప్పుతోంది, అదీ రైలు గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్లినప్పుడే. మూడు, గోడ వైపు వెళ్లేసరికి రైలు నెమ్మదిస్తుంది. పట్టాలు గరుకు కాగితంతో ఒకసారి రుద్దాను, పెద్దగా మార్పు లేదు.

సోల్డర్‌పొగ:

గరుకు కాగితం ఆపెయ్యండి! కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. నికెల్ సిల్వర్ పట్టా మీద (పేరుకే సిల్వర్, ఉన్నది రాగి, జింకు, నికెల్) సన్నటి గీతలు పడితే మురికి వాటిలో కూర్చుంటుంది, నిప్పురవ్వలు ఎక్కువై ఇంకా త్వరగా నల్లబడుతుంది. 90 శాతం పైన ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ, అంతే చాలు.

మూడోది తేలిక: గోడ వైపు ఫీడర్ లేదు లేదా ఉన్నది తగలడం లేదు. రెసిస్టర్ పరీక్ష చెయ్యండి.

మొదటిది. నాలుగు చక్రాల ఇంజన్‌కు పట్టాకు రెండే చక్రాలు తగులుతాయి. పాయింట్ నడిమిలో పట్టాలు ఒకదాన్నొకటి కోసుకునే ముక్కును ఫ్రాగ్ అంటారు. అది ప్లాస్టిక్‌దో, కరెంటు లేనిదో అయితే ఒక చక్రం దాని మీద ఉన్నంతసేపూ రెండో చక్రం మీదే భారం. ఆ రెండోదాని కింద దుమ్ము ఉంటే ఇంజన్ ఆగిపోతుంది. పెద్ద ఇంజన్‌కు ఎనిమిది చక్రాలు, అందుకే దానికి తెలీదు.

కాటో 4 నంబరు పాయింట్‌ను తలకిందులు చేస్తే అడుగున చిన్న స్క్రూలు కనిపిస్తాయి. వాటి స్థానాన్ని బట్టి ఫ్రాగ్‌కు కరెంటు ఇవ్వొచ్చు, మానొచ్చు. పాయింట్ ఎటు తిరిగితే అటు లైన్‌కే కరెంటు వెళ్లేలానూ పెట్టొచ్చు, రెండింటికీ ఎప్పుడూ ఉండేలానూ పెట్టొచ్చు. డీసీలో సైడింగ్ పాయింటుకు మొదటి పద్ధతి మేలు: పాయింట్ మెయిన్ వైపు తిప్పగానే సైడింగ్‌లో ఉన్న ఇంజన్ దానంతటదే చచ్చిపడి ఉంటుంది, వేరే స్విచ్ అక్కర్లేదు. ఆ స్క్రూలు ఆవగింజంత ఉంటాయి. తెల్ల పళ్లెంలో పెట్టుకుని విప్పండి, ఫోమ్ తొలిచిన చోట మాత్రం విప్పకండి.

వేరే తయారీ పాయింట్లలో ఫ్రాగ్ మొత్తం లోహందైతే, ఫ్రాగ్ దాటాక లోపలి రెండు పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు పెట్టాలి, కరెంటు కత్తి (పాయింట్‌లో అటూ ఇటూ కదిలే పట్టా) మొన వైపు నుంచి రావాలి. అది మర్చిపోతే పాయింట్ ఒక వైపుకు తిప్పినప్పుడల్లా షార్ట్. రెండో వైపుకు తిప్పితే బాగానే ఉంటుంది, అందుకే కారణం దొరక్క జుట్టు పీక్కుంటారు.

ముందు చక్రాలు తుడవండి. టిష్యూ కాగితం పట్టాల మీద అడ్డంగా పరిచి ఆల్కహాల్‌తో తడపండి. ఇంజన్‌ను సగం కాగితం మీద, సగం ఉత్త పట్టా మీద పెట్టి, పడిపోకుండా పట్టుకుని కంట్రోలర్ తిప్పండి. కాగితం మీది చక్రాలు గిర్రున తిరుగుతూ నల్లటి చారలు వదులుతాయి. ఇంజన్ అటు ఇటు మార్చి మళ్లీ. చారలు రాని దాకా చెయ్యండి. నాలుగు చక్రాలదైతే ఒక ఇరుసు మాత్రమే కాగితం మీద ఉండాలి. పాయింట్ కత్తికి, పక్క పట్టాకు మధ్య కూడా తడిపిన గట్టి కాగితం ముక్క పెట్టి, కత్తిని దాని మీదికి నొక్కి లాగండి.

తొమ్మిదిమిల్లీ:

పట్టా తప్పడం గురించి. ఒకే చోట రకరకాల పెట్టెలు పడుతుంటే తప్పు ట్రాక్‌ది. ఒకే పెట్టె రకరకాల చోట్ల పడుతుంటే తప్పు పెట్టెది. మీది ఎప్పుడూ ఒకేచోట, ఒకే దిశలో. ఆ జాయింట్‌లో ఒక పట్టా రెండోదానికంటే ఎత్తుగానో పక్కకో ఉంది. దిగే దిశలో చక్రం జారిపోతుంది, ఎక్కే దిశలో అంచు పట్టుకుని పైకెక్కుతుంది. ఒక దిశలోనే పడటానికి కారణం అదే.

లైటు ఆపి, మొబైల్ టార్చ్ ట్రాక్ ఎత్తులో ఒక వైపు పెట్టి, రెండో వైపు నుంచి పట్టాల వెంబడి కన్ను ఆనించి చూడండి. తర్వాత 150 మి.మీ. ఉక్కు స్కేలు పట్టా తలమీద నిలబెట్టండి. కింద వెలుతురు కనిపిస్తే అక్కడ పల్లం. చివరికి గోరు. గోరును పట్టా పైన, తర్వాత లోపలి అంచు మీద జాయింట్ దాటించండి. రెండు దిశల్లోనూ గీయండి. కన్ను వదిలేసింది గోరు పట్టుకుంటుంది.

పది జాయింట్లలో చెడ్డది కనిపించిందంటే ఎక్కువసార్లు ఇదే: పట్టా జాయినర్ గాడిలోకి దూరకుండా దాని మీదికెక్కి కూర్చుంటుంది. పక్కనుంచి చూస్తే రెండూ కలిసినట్టే ఉంటాయి, కరెంటు కూడా ఒక్కోసారి వెళ్తుంది. ముక్కలు ఊడదీసి, చదునైన బల్ల మీద పెట్టి రెండిటినీ నేలకు అదుముతూ కలపండి, గాల్లో పట్టుకుని కలపకండి. జాయినర్ రెక్క వాలిపోయి ఉంటే ముక్కుపటకారుతో నెమ్మదిగా నొక్కండి, లేదా కొత్తది వెయ్యండి.

మీరు పిన్నులతో ఆపానన్నారు. పిన్ను గట్టిగా దిగితే ట్రాక్ గట్టు మధ్యలో కుంగి పట్టాలు ఒకదానివైపొకటి వాలతాయి, గేజ్ తగ్గుతుంది. అది కూడా ఆ చోటే జరిగి ఉండొచ్చు, పిన్ను తీసి చూడండి. అతికించడానికి అక్రిలిక్ సీలెంట్ అడుగున సన్నగా పూసి, కత్తితో గీకి పల్చన చేసి ట్రాక్ పెట్టండి. రేపు మార్చాలంటే పల్చటి రేకు దూర్చి లేపొచ్చు. పాయింట్ల కింద పూయొద్దు, లోపలి కదిలే భాగాలకు అంటుతుంది.

ట్రాక్ సరిచేశాక కూడా పడితే అప్పుడు పెట్టె చూడండి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) సిఫారసు ప్రకారం ఎన్ స్కేల్ పెట్టె బరువు మూలంగా అర ఔన్సు, పొడవు ప్రతి అంగుళానికి 0.15 ఔన్సు చొప్పున అదనం. 147 మి.మీ. పెట్టెకు అది సుమారు 39 గ్రాములు. అన్ని పెట్టెలూ ఆ బరువుకు తేనక్కర్లేదు, కానీ ఇంజన్ వెనకే తేలికది పెట్టి, బరువువి తోకకు పెడితే, వంపులో ఆ తేలిక పెట్టె దారం లాగినట్టు లోపలికి ఒరిగి పడుతుంది. బోగీ స్క్రూలు చూడండి: ఒక బోగీ అటూ ఇటూ కాస్త ఊగాలి, రెండోది తిరిగితే చాలు. రెండూ బిగుతుగా ఉంటే పెట్టె మూడు కాళ్ల మీద నడుస్తుంది. కప్లింగ్ కింద వేలాడే అయస్కాంత పిన్ను పాయింట్‌లో తగులుతోందేమో కూడా.

వేగం ఒకసారి చూసుకోండి. స్కేల్‌లో గంటకు 60 కి.మీ. అంటే సెకనుకు 10.4 సెం.మీ. బయటి లూప్ ఒక చుట్టుకు 26-27 సెకన్లు పట్టాలి. 10 సెకన్లలో తిప్పుతుంటే మీ ప్యాసింజర్ గంటకు 159 మీద పోతున్నట్టు; అప్పుడు పట్టా తప్పకపోతే ఆశ్చర్యపోవాలి.

కొత్తచక్రం:

జాయినర్ మీద పట్టా ఎక్కి కూర్చున్నదే! గోరుతో దొరికింది. గోడ వైపు మూడో ఫీడర్ వేశాను, తేడా 0.7 వోల్టుల నుంచి 0.08కి వచ్చింది. షంటింగ్ ఇంజన్ చక్రాలు తుడిచి, స్క్రూలు మార్చాక ఆగడం లేదు. ఇక కంకర చల్లొచ్చా? యూనిట్రాక్‌కు గట్టు అచ్చుపోసే ఉంది కదా, దాని మీద కూడా చల్లాలా?

గడ్డీగాదం:

చల్లొచ్చు, ఒక వారం రెండు లూపులూ ముందుకూ వెనక్కూ నడిపాక. కంకర అతికాక జాయింట్ విప్పడం పెద్ద తలనొప్పి.

గట్టు ఉన్న ట్రాక్‌కు మొత్తం కంకర అక్కర్లేదు. ప్లాస్టిక్ మెరుపు, ముక్కల మధ్య గీత పోవాలి, అంతే. ముందు పట్టాల పక్క వైపులకు తుప్పు రంగు, స్లీపర్లకు (పట్టాల కింది అడ్డదిమ్మెలు) మట్టి బూడిద రంగు నీళ్లలా పల్చన చేసి పూయండి. పట్టా పైభాగం తడి ఆరక ముందే తుడిచెయ్యండి. ఆ తర్వాత గట్టు వాలు మీద, స్లీపర్ల సందుల్లో పల్చగా కంకర.

గింజ 0.3 నుంచి 0.5 మి.మీ. ఉండాలి. అసలు రైలు కంకర 50 మి.మీ. రాయి అనుకుంటే 160తో భాగించండి, 0.3 వస్తుంది. అంతకంటే పెద్దది వేస్తే పట్టాల మధ్య బండరాళ్లు పరిచినట్టుంటుంది. ఇసుక జల్లెడ పట్టి వాడేవాళ్లు ముందు కడిగి ఆరబెట్టి, కాగితంలో చుట్టిన అయస్కాంతం దాంట్లో తిప్పాలి. ఇనుము రేణువులుంటే మోటార్ అయస్కాంతం వాటిని లోపలికి లాక్కుంటుంది.

చల్లాక మెత్తటి కుంచెతో స్లీపర్ల పైభాగం కంటే కాస్త కిందికి దించండి. పట్టా లోపలి అంచుకు ఒక్క గింజ అంటుకున్నా చక్రం అంచు దాని మీదికెక్కుతుంది. ఇది జిగురు వెయ్యక ముందే చూడాలి, తర్వాత కాదు.

జిగురు: తెల్ల జిగురు 1 పాలు, నీళ్లు 3 పాళ్లు, గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు. ముందు 70 శాతం ఆల్కహాల్‌ను పైనుంచి మంచు కురిసినట్టు స్ప్రే చెయ్యండి, కంకర కదలకుండా తడవాలి. అప్పుడు డ్రాపర్‌తో ఒక్కో చుక్కా గట్టు అంచున వదలండి, దానంతటదే లోపలికి పాకుతుంది. తడపకుండా వేస్తే చుక్క గోళీలా నిలబడి, గింజలన్నీ దానికి అంటుకుని గుంతలు పడతాయి.

పాయింట్ల దగ్గర కత్తి కదిలే భాగం, దానికి రెండు వైపులా 20 మి.మీ. కంకర వద్దు, రంగుతో సరిపెట్టండి. పక్కన జిగురు వేసినప్పుడు గంటకోసారి పాయింట్ అటూ ఇటూ తిప్పండి, కేశనాళిక లాగుడుకు జిగురు మీరనుకున్నదానికంటే దూరం వెళ్తుంది.

ఒక రోజంతా ఆరనిచ్చి, పట్టా పైభాగం ఆల్కహాల్‌తో తుడిచి, గోరుతో లోపలి అంచులు మళ్లీ ఒక చుట్టు చూడండి. ఊడిన గింజలు తియ్యడానికి వ్యాక్యూమ్ గొట్టం మూతికి పల్చటి గుడ్డ రబ్బరు బ్యాండుతో కట్టండి. కంకర గుడ్డలోనే ఆగిపోతుంది, విప్పి డబ్బాలో పోసుకోవచ్చు. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన మనుషులు కూడా అందులోనే దొరుకుతారు.